ఎంగిలి విత్తనం

నోట్లో పుండు లేచి మానకపోతే దాన్ని దాచుకుని కూర్చోవద్దని మా పక్క ఆడవాళ్ళకు చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఆ ముక్క ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. కానీ అట్లా ఎవరైనా చెప్పి ఉంటే నేనే వినేదాన్ని కాదు. అందుకని జరిగిందంతా చెబుతాను.

నా పేరు ఓబుళమ్మ. మాది ఉరవకొండకు దగ్గరి పల్లె. నాలుగెకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు, వాన వస్తే వేరుశనగ, మా మాటలో చెనక్కాయ. నా భర్త తిప్పేస్వామి నాకు మేనమామే, మా అమ్మకు ఆఖరి తమ్ముడు; పెళ్ళయినా ఆయన్ను మామ అనే అంటాను. కొడుకు మల్లి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు, సెలవు రోజున ఇంటికి వస్తాడు. కోడలు రేణుక, నడక నేర్చిన మనవరాలు మాతోనే ఉంటారు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అంగన్‌వాడీ లలిత టీచరు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. ఇది రాసింది నేనే. ఒత్తులు ఆమె దిద్దింది.

రోహిణి కార్తె

చెనక్కాయ విత్తనాన్ని మేము చేత్తోనే ఒలుస్తాం. మిషన్లో వేస్తే గింజ మీది ఎర్రపొట్టు చిరుగుతుంది. పొట్టు చిరిగిన గింజ నేలలో కుళ్ళిపోతుంది తప్ప మొలవదు. రోహిణి ఎండల్లో పని ఏమీ ఉండదు కాబట్టి గోడ నీడన చాప పరుచుకుని, కాయలు కుప్ప పోసుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళమంతా ఒలుస్తాం. సగం కుప్ప అయ్యేసరికి బొటనవేళ్ళు మండుతాయి. అప్పుడు పళ్ళతో కొరుకుతాం. పళ్ళయితే రెండింతలు పని జరుగుతుంది.

ఇది మగవాళ్ళకు తెలియకూడదు. భూమిలో వేసేదాన్ని ఎంగిలి చేస్తే మొలక రాదని మా పెద్దల నమ్మకం. మా మామయితే విత్తనం చాట మీదుగా దగ్గినా ఒప్పుకోడు. అందుకని ఆయన ఆ పక్కగా వస్తే మేము కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాం.

"ఏం వదినా, కొంగు అడ్డం పెట్టుకుంటాండావు, కొత్త పెండ్లికూతురా?" అనేది పక్కింటి నాగవేణి.

"నీ నోట్లో పొట్టు ఊసి మాట్లాడు ముందు," అనేదాన్ని నేను.

ఆ రోజు ఒక గట్టి కాయను ఎడమపక్క దవడకు పెట్టి కొరికాను. టక్కుమంది. కాయ విరిగిందనుకున్నాను, కానీ విరిగింది పన్ను. పొట్టుతోపాటు చిన్న తెల్లటి ముక్క చేతిలోకి వచ్చింది. పెద్దగా నొప్పి లేదు. ముక్కను పొట్టులో పారేసి, కుడిపక్కకు మార్చి కొరకడం మొదలుపెట్టాను.

మృగశిర

వాన రాలేదు. విరిగిన పన్ను అంచు నాలుకకు తగులుతూ ఉండేది. కొన్నాళ్ళకు నాలుక ఎడమ అంచున చిన్న పుండు లేచింది. నోటిపూత అనుకున్నాను. పటిక నీళ్ళు పుక్కిలించాను, నెయ్యి రాశాను. కారం మానేశాను. చిన్నప్పటినుంచి ఆకూ వక్కా పొగాకూ నమిలే అలవాటు ఉంది, దాన్ని మాత్రం మానలేదు, కుడి బుగ్గకు మార్చుకున్నాను.

పుండు మానలేదు. అంచులు గట్టిపడ్డాయి.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. లక్షుమక్క నాకంటే పెద్దది. ఆమెకూ ఇట్లాగే మొదలైంది. ఆమె కూడా పూతే అన్నది, పటికే పుక్కిలించింది. చివరకు మా మామ ఆమెను బెంగుళూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అప్పటికి నీళ్ళు కూడా గొంతు దిగడం లేదు. ఆమె పోయాక ఆ ఇంట్లో చాలాకాలం ఎవరూ గట్టిగా నవ్వలేదు.

కాబట్టి పుండు గట్టిపడినప్పుడు నాకు తెలుసనే అనుకున్నాను, తెలిసే ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. పొద్దున లేవగానే నాలుకతో నాలుకనే తడుముకోవాలని చూసేదాన్ని. తడమలేక మనవరాలి చిన్న అద్దం తీసుకుని, పశువుల కొట్టం వెనక్కు పోయి, నాలుక బయటపెట్టి చూసుకునేదాన్ని. ఎద్దులు నన్ను చూసేవి.

ఆరుద్ర

మేఘాలు పడమట బళ్ళారి వైపు లేచి, ఊరు దాటి పోయేవి. మనుషులందరి ముఖాలూ పైకే ఉండేవి కాబట్టి నా ముఖం ఎవరూ చూడలేదు, రేణుక తప్ప.

మనవరాలికి దవడ పళ్ళు ఇంకా రాలేదు. వేయించిన చెనక్కాయ గింజలు నేను మెత్తగా నమిలి, వేలితో తీసి దాని నోట్లో పెట్టేదాన్ని. మా అమ్మ నాకు పెట్టింది, నేను మల్లికి పెట్టాను. ఒక మధ్యాహ్నం అట్లా పెట్టబోతే రేణుక వచ్చి బిడ్డను ఎత్తుకుని పోయింది. ఆ పూట నుంచి తినడానికి నాకు వేరే తట్ట, తాగడానికి వేరే గ్లాసు.

రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఆ తట్టను విసిరికొట్టాను.

"నేను ఈ ఇంట్లో కుక్కనా?"

రేణుక కిందపడిన తట్ట తీసింది. "కుక్కకు నాలుక మీద పుండు లేస్తే ఈపాటికి ఎవరికైనా చూపిస్తుండేవాళ్ళం అత్తా. నువ్వేమో కొట్టం ఎనక పోయి అద్దంలో చూసుకుంటాండావు. నాకు కండ్లు లేవనుకుంటివా?"

"పూత."

"పూత ఇన్ని దినాలు ఉండదు. నాకు భయమైతాంది. బిడ్డకు అంటుతాదేమోనని భయం, నీకు ఏమైతాదోనని భయం. రెండూ ఉండాయి. అబద్ధం ఎందుకు చెప్పల్ల?"

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. బిడ్డ సంగతి ఒక్కటే చెప్పి ఉంటే ఆమెతో నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు. నా సంగతి ఒక్కటే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఆ సాయంత్రం ఆమె మా మామకు చెప్పేసింది. ఆయన నోరు తెరవమన్నాడు. చూశాడు. మరుసటి రోజు ఉరవకొండలో చూపిస్తే, అక్కడి డాక్టరు అనంతపురం పొమ్మన్నాడు.

పునర్వసు

అనంతపురంలో మేము పోయిన ఆసుపత్రికి పొడవైన నడవ ఉంది. అటూ ఇటూ గదులు, ప్రతి తలుపు మీదా ఒక బోర్డు. అక్షరాలు వచ్చినప్పటినుంచి నాకు కనపడిన బోర్డునల్లా చదివే అలవాటు. చెప్పులు బయట వదలండి. మాట్లాడకండి. ఇక్కడ ఉమ్మకండి. మమ్మల్ని బయట కూర్చోమన్న గది తలుపు మీద కూడా చదివాను. నోరు, గొంతు క్యాన్సర్ విభాగం.

అక్షరాలు రానప్పుడయితే అది ఒట్టి తలుపు. ఫ్యాను కింద కూర్చుని ఎవరో ఒకరితో మాట కలిపేదాన్ని. అక్షరం నేర్చుకున్నందుకు నేను బాధపడింది ఆ ఒక్క రోజే.

మా మామకు చదవడం రాదు. ఆయన బోర్డు వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఏమ్మే, ఏమి రాసినారు ఆడ?"

"ఆడోళ్ళు ఈ పక్క, మొగోళ్ళు ఆ పక్క కూర్చోమని."

ఆయన తల ఊపి, నా పక్కనే నిలబడ్డాడు. మగవాళ్ళ పక్కకు పోలేదు. ఎందుకు పోలేదని నేను అప్పుడు ఆలోచించలేదు.

బెంచీ నిండా జనం. మెడకు కట్టుతో ఒక పెద్దాయన ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఆయనకు మాట లేదు. నన్ను చూసి, తన తువ్వాలు తీసి పక్కకు జరిగి, ఆ చోటును అరచేత్తో రెండుసార్లు తట్టాడు. కూర్చున్నాను. ఫ్యాను గాలి నా మీదికి వచ్చింది, ఆయనకు లేకుండా పోయింది. ఆయన్ను చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. రేపు నేనూ ఇట్లా ఎవరికో చోటు తట్టి చూపిస్తానేమో అని మాత్రం అనుకున్నాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. నా నాలుకను గుడ్డతో పట్టుకుని లైటు వేసి చూసింది.

"ఈ పన్ను అంచు కత్తిలా ఉందమ్మా. ఏం కొరికితే విరిగింది?"

మా మామ నా వెనకనే నిలబడి ఉన్నాడు. ఇంట్లో విత్తనం మూటలు కట్టి ఉన్నాయి, వాన పడగానే వేయాలి. ఆయన ముందు ఎంగిలి విత్తనమని ఎట్లా చెప్పను?

"ఏమీ కొరకలేదమ్మా. దానంతటదే విరిగింది."

"దానంతటదే విరిగిందా?" అని ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆమె ముఖం మారడం చూశాను. పొగాకు సంగతి అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగింది. అక్క సంగతి మా మామే చెప్పాడు. అప్పుడు ఆమె, పన్ను అంచు అరగదీయిస్తాననీ, పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాననీ చెప్పింది. పుండు ఎవరికీ అంటదని కూడా చెప్పింది. ఆ మాట రేణుకకు చెప్పాలని గట్టిగా గుర్తుపెట్టుకున్నాను. మిగతావన్నీ చెవిలో పడలేదు.

పన్ను అంచు అరగదీసి, ముక్క తీసేటప్పుడు అంత నొప్పి లేదు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మా మామ టీ తెచ్చి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తూ చల్లార్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకు టీ చల్లార్చి ఇవ్వడం అదే మొదలు. దానికీ భయపడ్డాను.

పుష్యమి

ఫలితం ఏ రోజు వస్తుందో చెప్పారు. ఈలోపల నొప్పి తగ్గింది. నేను సంతోషించి ఉంటాననుకుంటారేమో. నాకు తిండి కూడా పోలేదు. మా అక్కకు మధ్యలో ఒకసారి నొప్పి పూర్తిగా పోయింది. "తగ్గిపోయె లేమ్మే," అని నవ్వింది. ఆ నవ్వే నాకు గుర్తుకు వచ్చేది.

ఆ రోజుల్లో నేను ఇంటిని కొత్తగా చూశాను. కుళాయికి నీళ్ళు వచ్చే పూట బిందెల వరస. రేణుక సంగటి గెలికే చప్పుడు. ఎద్దుల కొమ్ములకు మా మామ నూనె రాయడం. ఇవన్నీ ఇన్నేళ్ళూ పనులు. చేసి వదిలించుకునే పనులు. ఇప్పుడు ఎవరో వాటిని నా చేతుల్లోంచి లాక్కోబోతున్నట్టు ఉండేది. దేవుడికి మొక్కుకుందామని కూర్చుంటే ఏమి అడగాలో తెలిసేది కాదు. కొత్తగా ఏదీ వద్దు. ఊరిబిండి నంజుకుని ఒక సంగటి ముద్ద తినాలి, అంతే. ఊరిబిండి అంటే వేయించిన చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ కలిపి నూరే పచ్చడి. మా ఇంట్లో అది లేని రోజు ఉండదు. నాకు అది లేక రెండు కార్తెలు దాటింది.

ఫలితం రేపనగా, వాన వచ్చింది.

సాయంత్రం మొదలై చీకటి పడేదాకా కురిసింది. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి తడిసింది. మా నేలల్లో ఇది తెలిసిన వాళ్ళకే తెలుస్తుంది: ఎర్రనేల తడిసి విత్తడానికి అనువుగా ఉండేది రెండు రోజులు, మహా అయితే మూడు. దాన్ని పదును అంటాం. పదును పోతే మళ్ళీ వాన ఎప్పుడో, ఆ వానకు కార్తె దాటిపోతుందేమో, ఎవరికీ తెలియదు. పదును మీద పెళ్ళి పడితే తాళి కట్టించి పెళ్ళికొడుకును కూడా చేనుకు తోలుకుపోయిన ఊరు మాది.

నేను విత్తనం మూటలు బయటికి తెచ్చాను. మా మామ గొర్రు తోలితే, వెనక గింజలు పోసేది ప్రతి ఏడాదీ నేనే.

"లోపల పెట్టు," అన్నాడు ఆయన.

"ఏమి మామా?"

"రేపు అనంతపురం పోవల్ల."

"ఆ కాగితం ఎల్లుండి తెచ్చుకున్నా అట్లే ఉంటాది. పదును ఉంటాదా?"

"పదును పోతే పోనీ."

నేను ఆయన్ను చూశాను. ఈయన నా తండ్రి పోయినప్పుడు కూడా విత్తి వచ్చి స్నానం చేసిన మనిషి. ఆ నోట ఆ మాట వచ్చిందంటే, ఆయనకు తెలుసు. నాకు అప్పుడే అర్థమయింది.

"నీకు ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పల్లనా?" గొర్రు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఆ బోర్డు మీద అక్షరాల పక్కన ఎండ్రకాయ బొమ్మ ఉండాది. నాకు చదువు రాదు గానీ ఆ రోగానికి పెట్టే ఆ బొమ్మ వస్తాది. లక్షుమిని తీసుకొని బెంగుళూరులో దాని కిందనే కూర్చొని ఉంటి కదా, ఎన్ని దినాలో."

"మరి ఏమి రాసినారని నన్నెందుకు అడిగితివి?"

"నీకు తెలిసిందో లేదో చూద్దామని. నువ్వేమో ఆడోళ్ళు మొగోళ్ళు అంటివి. సరే, నీకు నన్ను భయపెట్టడం ఇష్టం లేదు, గమ్మునుందాము అనుకుంటి."

తడిసిన వాకిట్లో ఇద్దరమూ నిలబడ్డాం. నాకు ఏడుపు రాలేదు. పుండు లేచినప్పటినుంచి మొదటిసారి నేను ఒంటరిదాన్ని కానని తెలిసింది.

లోపలినుంచి రేణుక వచ్చింది. అంతా విన్నది. బిడ్డను నా చేతికిచ్చి మూటలు తన వైపుకు లాక్కుంది.

"మీరిద్దరూ తొలి బస్సుకు పోండి. మల్లికి ఫోన్ చేసినాను, తెల్లారేసరికి వస్తాడు. ఆయన తోలుతాడు, నేను పోస్తాను."

"వాడు మిషన్ తొక్కేవాడు, గొర్రు తోలుతాడా?" అన్నాడు మా మామ.

"వంకరగా తోలితే వంకరగా మొలుస్తాది. మొలిస్తే చాలదా?"

పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో జనం. గొర్రు వెనక నడిచే ఆడవాళ్ళు, కొంగు నడుముకు దోపి, పిడికిలితో గింజలు వదులుతూ. ఎండకు ఆ నడక ఎంత కష్టమో నాకు తెలుసు, ప్రతి ఏడాదీ తిట్టుకుంటూ నడిచాను. ఆ రోజు వాళ్ళలో ప్రతి ఒక్కరినీ చూసి నాకు అసూయ కలిగింది. ఇంకొక్క ఏడాది అట్లా నడవనిస్తే చాలు, తిట్టుకోనని మనసులో అనుకున్నాను.

నడవలో మెడకు కట్టున్న పెద్దాయన లేడు. ఆయన కూర్చున్న చోట ఎవరో కూర్చుని ఉన్నారు. ఆయన సంగతి అడగడానికి భయమేసింది. ఆయన ఏమయ్యాడో ఇప్పటికీ నాకు తెలియదు.

పేరు పిలిచారు. డాక్టరమ్మ కాగితం చూస్తూనే మాట్లాడింది.

"క్యాన్సర్ కాదమ్మా."

మా మామ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, మళ్ళీ కట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నేను ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాను. ఆమె చెప్పింది. పన్ను అంచు రాసుకుని రాసుకుని అయిన పుండు. అంచు అరగదీశాక మానుతూ వస్తోంది.

"కానీ అసలు పన్ను ఎట్లా విరిగిందో మీరు చెప్పనే లేదు. ఆ రోజే చెప్పి ఉంటే నాకు సగం అనుమానం తీరేది. మీకు ఇంత భయం ఉండేది కాదేమో."

అప్పుడు చెప్పాను. పళ్ళతో విత్తనం ఒలుస్తానని.

మా మామ నా ముందుకు వచ్చాడు.

"ఏమంటివీ? ఎంగిలి విత్తనమా? ఇప్పుడు ఆడ మల్లి విత్తుతాండేది అదేనా?"

"అదే మామా."

"ఎన్నేండ్ల నుంచీ?"

"పెండ్లయినప్పటినుంచీ."

ఆయన ఏళ్ళన్నీ లెక్క వేసుకుంటున్నట్టు గోడ వైపు చూశాడు. పండిన ఏళ్ళు, ఎండిన ఏళ్ళు. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆయనకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు అట్లా ఉండగానే కళ్ళు తుడుచుకున్నాడు.

బయలుదేరబోతుంటే డాక్టరమ్మ నన్ను ఆపింది. "నవ్వితే కుదరదు. కుడి బుగ్గలోపల పొగాకు పెట్టే చోట తెల్లమచ్చ ఉంది. ఇప్పటికి భయం లేదు. పొగాకు మానకపోతే ఇప్పుడు చెప్పిన మాట మళ్ళీ చెప్పగలనో లేదో నాకు తెలియదు. చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి."

పొగాకు సంచి ఆ నడవలోనే చెత్తబుట్టలో వేశాను.

ఆశ్లేష

మొలిచింది. వంకర సాళ్ళుగా, కానీ నిండుగా. మా మామ గట్టు మీద నిలబడి చూసి, "నీ ఎంగిలి బాగానే పట్టిందే," అన్నాడు. వచ్చే ఏడు పళ్ళతో ఒలవనని నాగవేణితో చెప్పాను. ఆమె నవ్వింది గానీ, మరుసటి రోజు వచ్చి నోరు తెరిచి, "ఇది పూతేనా చూడు వదినా," అంది. అది పూతే. అయినా ఉరవకొండ పంపాను.

భయం పోయిందని రాస్తే అబద్ధం. పొద్దున లేచి ఇప్పటికీ అద్దం తీసుకుంటాను. కొట్టం వెనక్కు పోవడం లేదు, వాకిట్లోనే చూసుకుంటాను. నాలుక చూస్తాను, కుడి బుగ్గ చూస్తాను. పొగాకు కోసం నోరు పీకుతుంది. మచ్చ పెరిగిందేమో అనిపిస్తుంది. రేణుకను పిలిచి చూపిస్తాను. "అంతే ఉండాది, పో," అంటుంది. అప్పుడు బిందె తీసుకుని నీళ్ళకు పోతాను.

మనవరాలికి గింజలు నమిలి పెట్టడం మానేశాను. చిన్న రోట్లో దంచి పెడుతున్నాను. అది ముందు నా నోటి వైపు చూస్తుంది, తరువాత రోటి వైపు చూస్తుంది.

డాక్టరమ్మ కారం తినొచ్చని చెప్పిన రోజు రేణుక ఊరిబిండి నూరింది. నా వేరే తట్ట ఎక్కడ పెట్టిందో ఏమో, మామూలు తట్టలోనే సంగటి పెట్టింది. ముద్ద తుంచి, ఊరిబిండి అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. చురుక్కుమంది. నోరంతా మండింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

మా మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రేణుక గరిటె పట్టుకుని అట్లే నిలబడింది.

"ఏమ్మే? మళ్ళనా?"

నాలుకను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

"కారం మామా. ఒట్టి కారం."

ఆయన ముద్ద మింగాడు. ఆ తరువాత కోడలి మీద పడ్డాడు. "ఏం రేణుకా, ఏడాది మిరక్కాయలన్నీ దీంట్లోనే వేస్తివా?"

"అత్తే కదా కావల్లనె?" అంది రేణుక.

నేను కళ్ళు తుడుచుకుని తట్ట ముందుకు జరిపాను, ఇంకొంచెం వేయమని.